పట్టీ కొస

కుట్టుషెడ్డు నుంచి,
వానలు మొదలైన వారం

టోపీ బావమరిదికి,

ఫోన్ చేద్దామంటే మీ అక్క మధ్యలో లాక్కుంటుంది, ఇక నా వంతు రాదు. అందుకని కాగితం పట్టుకున్నాను. ఈ రోజు ఒక పాత దివాను విప్పి కొత్త స్పాంజి వేశాను. పని తొందరగా అయింది.

నన్ను పౌర సమితిలో వేశారు. నవ్వుకో. నేనేం అడగలేదు. వార్డు జాబితాలో చీటీలు తీస్తే నాది వచ్చిందట. పోలీసులు కొత్త సామాను కొన్నా, కొత్త పద్ధతి మొదలుపెట్టినా ఈ సమితి సరేననాలి. మొత్తం ఐదుగురం. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు అధ్యక్షురాలు. ఒక లాయరు, ఒక పూలకొట్టాయన, ఒక బస్సు డ్రైవరు, నేను. సోఫాలకు గుడ్డ వేసేవాణ్ణి, నాకేం తెలుస్తుందండీ అన్నాను. "తెలిసినవాళ్లంతా అవతలి వైపు కూర్చున్నారు. తెలియనివాళ్లే మాకు కావాలి" అందావిడ.

అక్కడ ఒక అలవాటు ఉంది. మనుషుల ఒంటి మీద వాడే వస్తువు ఏదైనా సరే, ముందు మాలో ఒకరి ఒంటి మీద పెట్టి చూడాలి. ఎక్కడా రాసి లేదు, మొదటి సమితి నుంచి అలా నడుస్తోంది. ఈసారి వచ్చింది పట్టీల కుర్చీ. తాగి గోల చేసేవాళ్లనీ, తల గోడకేసి కొట్టుకునేవాళ్లనీ అందులో కూర్చోబెట్టి ఛాతీకీ చేతులకీ పట్టీలు వేస్తారు. నీకు తెలిసిందే. కుర్చీ అనగానే నలుగురూ నా వైపు చూశారు. కూర్చున్నాను.

సీటు పని నాసిరకం. అది పోనీ. కొంచెం గింజుకునేసరికి ఛాతీ పట్టీ జారి గొంతు దగ్గరికి వచ్చింది. ఇది జారుతుందండీ అన్నాను. "అయితే ఎలా ఉండాలంటావు?" అని స్టోరు ఆఫీసరు అడిగాడు. ఎప్పుడిస్తావని తప్ప నన్ను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. చూసి చెబుతానన్నాను.

మీ స్టేషన్‌లో కూడా అదే కుర్చీనా? నీకు తెలిసింది రాయి.

ఇట్లు,
మీ బావ


రెండో స్టేషన్, ముందు గది

గౌరవనీయులైన సమితివారికి, అంటే మా సూది బావగారికి,

ఇకమీదట మీరు మా ఇంటికొస్తే నేను లేచి నిలబడి సెల్యూట్ కొట్టాలా? అక్క కూడా సమితి సభ్యురాలి కిందే లెక్కా? అది ముందు తేల్చండి. మా ఆవిడ అయితే "మీ బావగారు నోరు విప్పి ఒక మాట అంటే మేం మిఠాయి పంచుకుంటాం, ఆయన సమితిలో ఏం మాట్లాడతాడు" అని ఒకటే నవ్వు.

నిజం చెప్పాలంటే మంచి పని మీ చేతికి వచ్చింది. అదే కుర్చీ మా దగ్గరా ఉంది. పట్టీ జారుతుంది. మొన్న ఒకడు అందులోంచి చెయ్యి లాక్కుని మా ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు పగలగొట్టాడు. ఆ తర్వాత ఏం జరిగిందో రాయను, మీరు ఊహించుకోగలరు. వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. పట్టీ జారితే మా చేతులు లేస్తాయి బావా. మేమంతా రాక్షసులమేం కాదు, కానీ భయపడ్డ నలుగురి చేతుల్లో నాలుగు లాఠీలుంటే ఏమవుతుంది? జారని పట్టీ ఒకటి చేయండి. మీ సూది వల్ల కొన్ని ఎముకలు మిగులుతాయి.

ఇంకో మాట. చంటిది మీరు కుట్టిచ్చిన ఏనుగు బొమ్మకి మళ్లీ తొండం ఊడగొట్టింది. సమితిలో పెట్టి తీర్మానం చేయండి.

మీ బావమరిది


కుట్టుషెడ్డు నుంచి

టోపీ బావమరిదికి,

నీ ఉత్తరం సమితిలో చెప్పాను. చదవలేదు, చెప్పాను. పట్టీ జారితే లాఠీ లేస్తుందన్న మాట అందరికీ తగిలింది.

నేను సోఫాలకు నవారు బిగించేటప్పుడు ఒక గంటు బకిల్ వాడతాను. లోపల చిన్న చిన్న గంట్లుంటాయి, పైన ఒక నాలుక. పట్టీ ముందుకు వస్తుంది, వెనక్కి పోదు. ఎంత లాగితే అంత పట్టు. దాన్నే ఛాతీ పట్టీకి వేసి, అంచులకు మెత్తటి గుడ్డ మడిచి రెండు వరసలు కుట్టాను. దబ్బనంతో చేతికుట్టు. మిషన్‌ని నమ్మలేదు.

సమితిలో మళ్లీ నేనే కూర్చున్నాను. పూలకొట్టాయన కొస పట్టుకుని బిగించి వదిలేశాడు. అటూ ఇటూ ఊగి చూశాను. కదల్లేదు. "ఎలా ఉంది?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు. బాగుందండీ, జారదు అన్నాను. చేతులకి పట్టీలు వేయలేదు కాబట్టి, వెనక్కి ఆనుకుని నాలుక ఎత్తి నేనే విప్పుకున్నాను, చేతికి అలవాటైన పనే కదా. అందరూ సరేనన్నారు. అన్ని స్టేషన్లకూ ఇదే వెళ్తుంది. స్టోరు ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

నమూనా పట్టీ ఇంటికి తెచ్చాను. చూపిద్దామని. మీ అక్క గడప దగ్గరే ఆపేసింది. "అది ఇంట్లోకి వద్దు" అంది. ఇందులో నొప్పి లేదు, మెత్తగా ఉంటుంది, ఎముకలు మిగులుతాయి అని నీ మాటే చెప్పాను. "మెత్తగా ఉంటే మీరే వేసుకుని పడుకోండి" అంది. షెడ్డులో పెట్టాను.

ఏనుగు తొండం పంపించు. ఈసారి తీగ పెట్టి కుడతాను.

మీ బావ


రెండో స్టేషన్

బావగారికి,

ఉత్తరం ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

కొత్త పట్టీల కుర్చీ వచ్చింది. పట్టీ జారదు. మీరు చెప్పినట్టే ఉంది.

ఇక్కడ వానలు వదలడం లేదు. మా క్వార్టర్స్‌లో వంటింటి గోడ చెమ్మ పట్టింది. చంటిదానికి దగ్గు. మా ఆవిడ బాగానే ఉంది. నాకు నిద్ర సరిగా పట్టడం లేదు, డ్యూటీలు మారాయి కదా, అందువల్ల కావచ్చు.

బావా, ఆ బకిల్ బాగా బిగిసిపోయిందనుకోండి. నాలుక పైకి రావడం లేదనుకోండి. అప్పుడు విప్పడానికి ఏదైనా ఉపాయం ఉందా? ఊరికే అడుగుతున్నాను. తొందరేం లేదు.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


కుట్టుషెడ్డు నుంచి

టోపీకి,

ఉపాయం లేకేం? చిటికెలో పని. బిగువు మీద నాలుక ఎత్తబోతే రాదు, ఎంత బలవంతుడికైనా రాదు. ముందు బిగువు తగ్గించాలి. సోఫాకైతే చెక్కని లోపలికి నొక్కుతాం. మనిషికైతే భుజాల మీద చెయ్యి వేసి వెనక్కి, కుర్చీ వీపుకేసి నొక్కు. పట్టీ కాస్త వదులవుతుంది. అప్పుడు బొటనవేలితో నాలుక ఎత్తితే దానంతట అదే వచ్చేస్తుంది. చిన్నపిల్లలైనా తీయగలరు. మనిషిని ముందుకు లాగితే మాత్రం ఇంకా కరుచుకుంటుంది, అది గుర్తుపెట్టుకో.

ఇది ముందే రాసి పంపాల్సింది. అక్కడ నన్నెవరూ అడగలేదు, నాకూ తోచలేదు. సోఫాకి విప్పేది నేనొక్కణ్ణే కదా. మీ వాళ్లందరికీ చెప్పు.

దగ్గుకి మందు వేయించావా? నిద్ర పట్టకపోతే డ్యూటీ మార్చమని అడుగు. నువ్వు అడగవు, నాకు తెలుసు. మీ ఇంటోళ్లందరిదీ అదే రోగం అని మీ అక్క ముందే అన్నాను, పక్కింటిదాకా వినపడేలా తిట్టింది.

మీ బావ


కుట్టుషెడ్డు నుంచి

బావమరిదికి,

నా పోయిన ఉత్తరానికి జవాబు లేదు. అయినా రాస్తున్నాను.

సమితిలో ఒక ముక్క చదివి వినిపించారు. ఒక స్టేషన్‌లో ఒకాయన పట్టీల కుర్చీలో ఉండగా గుండె ఆగి పోయాడట. పట్టీని వెంటనే మామూలు పద్ధతిలో విప్పారట. కుర్చీ తప్పేమీ లేదట. స్టేషన్ పేరు సమితికి చెప్పరు, అది వాళ్ల పద్ధతి. తర్వాత వేరే విషయం మొదలైంది.

మరుసటి రోజు స్టోరు బండి వచ్చి షెడ్డు ముందు ఒక కుర్చీ దించింది. మరమ్మతు ఇక నాకే ఇస్తారట, బకిల్ నాది కాబట్టి. ఛాతీ పట్టీ మార్చాలి, చేతుల మీద రెగ్జిన్ మార్చాలి అన్నాడు బండి డ్రైవరు.

ఛాతీ పట్టీని కోసేశారు. కత్తెర సగంలో మొరాయించి, మళ్లీ మొదలుపెట్టి కోసినట్టుంది. నా రెండు వరసల కుట్టు అడ్డం పడింది. మామూలు పద్ధతిలో విప్పిన పట్టీని ఎవరు కోస్తారు?

చేతుల మీద రెగ్జిన్ గోళ్లతో చీరుకుపోయి ఉంది. చీలికల్లో లేత నీలం రంగు. గోడలకు వేసే రంగు. కిరసనాయిలు పెట్టి తుడిచాను, పోలేదు. ఇంకో గుడ్డతో తుడిచాను. తర్వాత, ఎందుకు తుడుస్తున్నానా అనిపించి ఆపేశాను.

దాన్ని ఒక మూలకి తిప్పి పెట్టాను. వీపు నా వైపుకి వచ్చింది. పని చేసుకుంటుంటే వెనక ఎవరో కూర్చుని ఉన్నట్టుంటుంది. ఫ్యాన్ గాలికి బకిల్ నాలుక టిక్కుమంటుంది. ఫ్యాన్ ఆపాను. చెమటలు కారుతున్నాయి కానీ ఫ్యాన్ వేయబుద్ధి కావడం లేదు. నిన్న పూలకొట్టాయన వస్తే కూర్చోమని చెప్పబోయి, షెడ్డులో ఖాళీగా ఉన్నది అదొక్కటే అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆయన నిలబడే మాట్లాడి వెళ్లాడు.

ఆ రోజు నువ్వు ఉపాయం ఎందుకు అడిగావు?

బావ


ఇంటి నుంచి

బావగారికి,

మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నారు. అది ఏ స్టేషన్ కుర్చీయో నాకేం తెలుసు? స్టేషన్లు చాలా ఉన్నాయి. నేను ఊరికే అడిగానని అప్పుడే రాశాను.

పట్టీ మార్చండి, రెగ్జిన్ మార్చండి, పంపేయండి. ఎక్కువ సేపు చూడకండి. సమితిలో దాని సంగతి ఎత్తకండి. కుర్చీ తప్పేమీ లేదని తేల్చారు కదా, మీ బకిల్‌కి మచ్చ రాలేదు కదా, ఇక దేనికి? నాకు ఇద్దరు పిల్లలు. అక్క మొహం చూసైనా ఊరుకోండి.

ఈ ఉత్తరం చదివాక చింపేయండి.


కుట్టుషెడ్డు నుంచి

బావమరిదికి,

చింపలేదు. మీ అక్క చదివింది. నేను ఇవ్వలేదు. చొక్కా ఉతుకుతూ జేబులో చూసింది.

చదివి ఏడవలేదు. భోజనాలయ్యాక కొంగు దోపుకుని షెడ్డులోకి వచ్చి, "కుర్చీ ఇటు తిప్పండి. నాకు చూపించండి" అంది. నమూనా పట్టీ దానికి బిగించాను. నేను కూర్చుంటాను, నువ్వు కొస పట్టుకుని నిలబడు, బిగించాక లాగొద్దు, ఊరికే పట్టుకో అన్నాను. విప్పడం ఎలాగో ముందే చూపించాను.

సమితిలో నేను ఎలా కూర్చున్నానో అప్పుడు తెలిసింది బావమరిదీ. మర్యాదగా, పెళ్లి ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాను. ఊపిరి కూడా చిన్నగా పీల్చాను. అక్కడ బిగించినాయన కొస వదిలేశాడు కూడా. ఈసారి అలా కాదు. పరిగెత్తి వచ్చినవాడిలా రొప్పాను. అరిచాను. విప్పు, విప్పు అని అరిచాను. అరవడమంటే ఊపిరి వదలడమే కదా. వదిలినప్పుడల్లా ఛాతీ తగ్గుతుంది, పట్టీ వదులవుతుంది, ఆ వదులు కొస పట్టుకున్నవాళ్ల చేతిలోకి వెళ్లిపోతుంది. గంటు పడుతుంది. మళ్లీ పీల్చబోతే చోటు ఉండదు. సోఫా ఊపిరి పీల్చదు. ఇన్నేళ్లు సోఫాలే బిగించాను.

కాసేపటికి అరవడానికి ఊపిరి లేదు. నేను ఊరుకున్నాను. "అయిపోయిందా?" అంది మీ అక్క నా వెనకనుంచి. నేను ఏమీ అనలేదు. అయిపోయిందనుకుని ఆవిడ అలాగే నిలబడింది, కొస పట్టుకుని. తర్వాత ఏమనిపించిందో ముందుకు వంగి నా మొహం చూసింది.

నా ఎదురుగా వచ్చి భుజాలు పట్టుకుని వెనక్కి నెట్టింది. నాలుక ఎత్తింది. వచ్చింది.

నేలమీద కూలబడి తన చేతులకేసి చూసుకుంటూ ఒకటే మాట. "నేను లాగలేదండీ. అదే వచ్చింది. నేను లాగలేదు." నీళ్లు తాగించాను. సాయంత్రం దాకా అదే మాట.

పట్టీ మార్చలేదు. కుర్చీ పంపలేదు.

బావ


ఇంటి నుంచి

బావా,

అక్క నాకు ఫోన్ చేసింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అవతల అక్క ఊపిరి వినిపించింది, పెట్టేశాను.

రాస్తాను.

ఆయన గోడలకు రంగులు వేసే మనిషి. పని చేయించుకున్న ఇంటివాళ్లతో మాటామాటా వచ్చి వాళ్లు పోలీసుల్ని పిలిచారు. తాగలేదు. మధ్యాహ్నం పూట తెచ్చారు. చేతులకు ఇంకా రంగు ఉంది. నిచ్చెన అక్కడే వదిలేశాను, పోతే యజమాని ఊరుకోడు, ఒక్కసారి వెళ్లి తెచ్చుకుంటాను అని ఒకటే గోల. గుమ్మం వైపు నడిచాడు. అంతే, కుర్చీలో వేయమన్నాడు ఇన్‌స్పెక్టర్. కొత్త కుర్చీ కదా, వాడాలని అందరికీ ఉంది. నాకూ ఉంది. మా బావ చేసిన పట్టీ అని అంతకు ముందే గొప్పగా చెప్పుకున్నాను.

"కొస వదలకు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పట్టుకున్నాను. నేను కుర్చీ వెనక ఉన్నాను. నాకు ఆయన తల వెనకభాగం కనిపిస్తోంది. జుట్టులో కూడా రంగు చుక్కలు. నిచ్చెన అన్నాడు, తర్వాత విప్పమన్నాడు. నా పేరు తెలియదు కదా, "అన్నా, విప్పన్నా" అన్నాడు. నాకంటే పెద్దవాడు. పక్కగదిలో టీ వచ్చింది. ఎవరో ఏదో జోకు వేశారు. నవ్వాను. నేను లాగలేదు బావా. అక్క చెప్పిన మాటే. పట్టీ నా పిడికిట్లోకి దానంతట అదే వచ్చింది, కొంచెం కొంచెంగా. చేప వచ్చినట్టు. ఇప్పటికీ ఏది పట్టుకున్నా అలాగే వస్తుంది. మొన్న చంటిదాని జడ రిబ్బను పట్టుకుని వదిలేశాను, అది ఏడ్చింది.

తర్వాత మాటలు ఆగిపోయాయి. అమ్మయ్య, శాంతించాడు అనుకున్నాను. పైకి కూడా అన్నాను. "శాంతించాడు సార్" అన్నాను.

విప్పబోతే నాలుక రాలేదు. ఇద్దరం భుజాలు పట్టుకుని ముందుకు లాగాం. మందుల పెట్టెలో కత్తెర తెచ్చి కోశాం. మీ కుట్టు చాలా గట్టిది.

గుండె ఆగిందని అందరం సంతకాలు పెట్టాం. అప్పుడు మీకు రాశాను, ఉపాయం ఉందా అని. లేదని రాస్తారనుకున్నాను. లేదని రాసి ఉంటే నిద్ర పట్టేదేమో. చిన్నపిల్లలైనా తీయగలరు అని రాశారు.

మీరు చెబితే నా ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా పోతాను. చెప్పొద్దని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. చెప్పమని కూడా రాయలేకపోతున్నాను.


కుట్టుషెడ్డు నుంచి

బావమరిదికి,

నిన్న సమితి కూర్చుంది. కుర్చీ బండి మీద వేసుకుని వెళ్లాను. కోసిన పట్టీ చూపించాను. ఈ బకిల్ ఊపిరిని తిరిగి ఇవ్వదు, ఇది నేను పెట్టించిందే, నేనే తీసేయమంటున్నాను అన్నాను. ఇన్ని మాటలు నేను ఒక్కసారిగా ఎక్కడా మాట్లాడలేదు.

లాయరు మర్యాదస్తుడు. "మీ బాధ అర్థమైంది. కానీ కాగితం మీద గుండె ఆగింది అని ఉంది, మామూలుగా విప్పారని ఉంది. పట్టీ తర్వాత స్టోరులో కోసి ఉండొచ్చు కదా. అక్కడ ఉన్నవాళ్లు ఒక్కరైనా చెప్పాలి" అన్నాడు. స్టోరు ఆఫీసరు అయితే, "లాఠీ దెబ్బలు సగానికి తగ్గాయి, అది మీ పుణ్యమే, ఇప్పుడు మీరే వద్దంటారా?" అన్నాడు. అది నిజమే. తగ్గాయి.

"ఏ స్టేషనో మీకు తెలుసా?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు సూటిగా అడిగారు. నేను నీళ్లు నమిలాను. ఆవిడ బళ్లో ఎంతమందిని చూసిందో, నా మొహం చూసి ఇంకోసారి అడగలేదు. వచ్చే నెల చివరిసారి కూర్చుని తేలుస్తాం, అప్పటిదాకా బకిల్ ఉంటుంది అన్నారు. కొత్తగా ఆడవాళ్ల స్టేషన్లకూ పిల్లల హోముకీ పంపుతున్నారట.

నీ పేరు చెప్పలేదు. చెప్పను కూడా. అది ధైర్యమో పిరికితనమో నాకు తెలియడం లేదు. మీ అక్కని అడిగాను, నన్నేం చేయమంటావని. "వాడు నా తమ్ముడు" అంది. తర్వాత, "ఆ నిచ్చెన ఎవరైనా తెచ్చారా?" అంది.

నిన్ను ఏమీ అడగడం లేదు. జరిగింది రాశాను, అంతే.

బావ


ఇంటి నుంచి

బావా,

నిచ్చెన గురించి అక్క అడిగిందని రాశారు. వెళ్లాను. ఆయన రంగు వేస్తున్న ఇంటి వెనక వానలో నానుతూ ఉంది. గోడ సగం నీలం, సగం సున్నం. ఇంటివాళ్లు మొహం చాటేశారు. నిచ్చెన భుజాన వేసుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. డ్యూటీ బట్టల్లోనే వెళ్లాను, టోపీతో సహా. మార్చుకుంటే దొంగచాటు పని అవుతుందనిపించింది.

ఆయన భార్య తలుపు తీసింది. నన్ను చూసి, నిచ్చెన చూసి, "ఇప్పుడు తెచ్చారా?" అంది. గోడకి ఆనించాను. నేను అక్కడ ఉన్నానమ్మా అన్నాను. ఆవిడ నిచ్చెన మెట్టు మీద చెయ్యి వేసింది. తర్వాత, "చివరికి ఏమన్నాడు?" అంది. విప్పమన్నాడు అన్నాను. "ఎవర్ని?" అంది. నన్నే అన్నాను. తలుపు వేసేసింది. తిట్టి ఉంటే బాగుండేది. గడప బయట నిలబడ్డాను. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది, చాలా నెమ్మదిగా, ఒక్క గిన్నెనే కడుగుతున్నట్టు.

ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. ఎగరలేదు, అరవలేదు. పిల్లల బట్టలు సర్దింది. "మా అన్నయ్య దగ్గర ఉంటాం. మీ మీద కోపంతో కాదు. పేపర్లో వచ్చే రోజు పిల్లలు ఇక్కడ ఉండకూడదు" అంది. చంటిది తొండం లేని ఏనుగుని పట్టుకుని వెళ్లింది.

నేను సమితికి వస్తున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారికి నా చేత్తో రాసి పంపాను, నా పేరు, స్టేషన్ పేరు, అన్నీ. ఇన్‌స్పెక్టర్‌కి తెలిసిపోయింది. నిన్నటి నుంచి స్టేషన్‌లో నాతో ఎవరూ టీ తాగడం లేదు. ఇక మీరు నీళ్లు నమలక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం మీరు చేసిపెట్టాలి. వట్టి మాటలతో వాళ్లు నమ్మరు. లాయరు ఏదో ఒకటి అంటాడు. ఆ కుర్చీలో నేనే కూర్చుంటాను. కొస మీరు పట్టుకోవద్దు, అక్కని పట్టుకోనివ్వద్దు. స్టోరు ఆఫీసరుకి ఇవ్వండి. లాగమని చెప్పకండి, ఊరికే పట్టుకోమనండి. కుర్చీ వెనక నిలబెట్టండి, నా మొహం కనిపించని చోట. నేను అరుస్తాను. సమితి కూర్చునే రోజు ఆయన భార్యకి కబురు పంపాను, వస్తానంది. వస్తే ఆవిణ్ణి నా ఎదురుగా ఉండనివ్వండి.

మీరు పక్కనే ఉండండి బావా. భుజాల మీద చెయ్యి వేయడానికి సిద్ధంగా ఉండండి. నా మాట ఆగిపోతే మాత్రం శాంతించాననుకోకండి.

మీ బావమరిది